పూజకు పోగా పిట్టకు

డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ల ఇంటికి వెళ్లినా పెరట్లో పచ్చగా కనిపించేదంతా తినేదే అయి ఉంటుంది. గోంగూర, తోటకూర, ఆనపపాదు, దొండపందిరి, చలికాలం రాగానే హాల్లోకొచ్చి సోఫా పక్కన మకాం వేసే కరివేపాకు కుండీ. కంచె మీద పాకేది కూడా బచ్చలే. అలాంటి పెరట్లో పప్పులోకీ పచ్చడిలోకీ పనికిరాని మొక్క పెడతానని మా ఆవిడ ప్రకటించింది.

దీనికి కారణం పక్కింటావిడ. ఆవిడ వరండాలో కాఫీ తాగుతుంటే హమ్మింగ్‌బర్డ్ వచ్చి ఎదురుగా గాల్లో నిలబడుతుంది. మూడు, నాలుగు గ్రాముల పిట్ట. సెకనుకు 50 సార్లు రెక్కలు కొడుతుందట. "మనింటికెందుకు రాదండీ?" అని మా ఆవిడ నన్ను నిలదీసింది. మనింట్లో గోంగూర పూత దాకా ఎప్పుడు బతికిందని ఆ పిట్ట రావాలి?

సరిగ్గా అప్పుడే అత్తయ్యగారూ మావయ్యగారూ ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. మావయ్యగారిది కడియం. గోదావరి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా, రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక చుట్టూ ఊళ్లకు ఊళ్లే నర్సరీలు. మావయ్యగారు చేసింది బ్యాంకు ఉద్యోగమే. కానీ కడియంలో పుట్టినవాడికి మొక్కల మీద తీర్పులిచ్చే హక్కు రేషన్ కార్డుతో పాటే వస్తుంది.

"హమ్మింగ్‌బర్డ్ అంటే మన తేనెపిట్టే గదండీ అల్లుడుగారూ" అన్నారాయన.

కాదండీ అన్నాను. ఇది అమెరికా ఖండాలు దాటి ఎక్కడా ఉండదు, తేనెపిట్టది వేరే వంశం. పైగా తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగితే, ఇది గాల్లో ఉండే తాగుతుంది. అందుకని వాలడానికి వీలుందా లేదా అన్నది కాదు, పొడుగ్గా గొట్టం ఆకారంలో ఉండే ఎర్రపువ్వు కావాలి. తేనెటీగలకు ఎరుపు సరిగా ఆనదు కాబట్టి పిట్టకు పోటీ కూడా తక్కువ. మావయ్యగారు అంతా విని, "ఆయ్, తేనెపిట్టే" అన్నారు.

మొక్కల షాపులో మా ఆవిడ ఫోన్లో రాసుకున్న పేర్లు చదువుతోంది. కోరల్ హనీసకల్, ఆటమ్ సేజ్, టర్క్స్ క్యాప్. ఈ మూడూ ఇక్కడి నేలకు అలవాటుపడ్డ మొక్కలే, ఎండలకు తట్టుకుంటాయి. మావయ్యగారు వాటివైపు చూడను కూడా చూడకుండా నేరుగా ముద్దపూల దగ్గరకెళ్లి నిలబడ్డారు. "రెక్కలు లెక్కపెట్టగలిగితే అదేం పువ్వమ్మా?" అన్నది ఆయన సిద్ధాంతం. ముద్దపువ్వుల్లో చాలావాటికి కేసరాలే రెక్కలైపోతాయనీ, ఇక తేనె ఎంతో కొంత ఉన్నా ముక్కు దూరదనీ వాళ్లమ్మాయి చెప్పి చూసింది. మావయ్యగారు ఆ మాటను కడియం మీద దాడిగా తీసుకుని, పార్కింగ్‌లో కారెక్కి కూర్చున్నారు.

అత్తయ్యగారిది ఇంకో వాదన. "వాసన లేకపోతే పువ్వుందని పిట్టకెలా తెలుస్తుందే? మల్లె పెట్టండి." పిట్ట కంటితో వెతుక్కుంటుంది, వాసనతో దానికి పెద్దగా పని లేదు. అయినా ఆ మూడు మొక్కలతో పాటు మల్లె కూడా కొన్నాం. అత్తయ్యగారు అడిగితే కొనకుండా ఎలా?

ఆ మల్లె మొదటి విడత పూసిన సాయంత్రం మా ఆవిడ ఒక్క కేక పెట్టింది. పువ్వు ముందు గాల్లో నిలబడి, పొడవాటి ముక్కుతో తేనె తాగుతోందో ప్రాణి. వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. కాకినాడ నుంచి కెనడా దాకా శుభాకాంక్షలు వచ్చిపడ్డాయి. మావయ్యగారు మాత్రం ఫోన్‌ను కళ్లద్దాలకు ఆనించి పెద్దది చేసి చూశారు.

"అమ్మాయ్, పిట్టకి మీసాలుంటాయా?"

కాళ్లు కూడా ఆరున్నాయి. అదో రకం చిమ్మట. దూరం నుంచి చూస్తే అచ్చం హమ్మింగ్‌బర్డే అనిపించే ఆ జాతిని చూసి మోసపోయినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారని నేను ఓదార్చాను. గ్రూపులో శుభాకాంక్షలు మర్నాడు కూడా వస్తూనే ఉన్నాయి.

ఇక లాభం లేదని పంచదార నీళ్ల సీసా ఒకటి వేలాడదీశాం. ఒక కప్పు పంచదారకు నాలుగు కప్పుల నీళ్లు, అంతే. "ఓస్, పానకమేగా" అని అత్తయ్యగారు బెల్లం, మిరియాలు, యాలకులు తీశారు. బెల్లంలో ఇనుము ఎక్కువ, ఆ పిట్టల ఒంటికి పడదని నేను గిన్నెకు అడ్డం నిలబడాల్సి వచ్చింది. ఆ పానకం మేం తాగాం. బ్రహ్మాండంగా ఉంది.

ఈలోగా టర్క్స్ క్యాప్ ఏపుగా పెరిగింది. లేత కొమ్మలకు పేనుబంక పట్టింది. మావయ్యగారు మందు కొడతానని లేచారు. పిట్ట తేనెతో పాటు చిన్న చిన్న పురుగుల్నీ తింటుంది, మందు కొట్టకూడదని కూతురు ఆపింది. పురుగును చూస్తూ ఊరుకోవడం కడియం మనిషికి ఎంత కష్టమో ఆయన మొహం చూస్తే తెలిసేది.

పూలు మొదలయ్యాయి. టర్క్స్ క్యాప్ మందారం కుటుంబంలోదే. ఎర్రగా ఉంటుంది, కానీ పూర్తిగా విచ్చుకోదు. అత్తయ్యగారు దాన్ని చూడగానే "సిగ్గు మందారం" అని పేరు పెట్టేశారు. ఎర్రమందారం అంటే అమ్మవారికి ప్రీతి. ఇంకేముంది, మేం లేచేసరికే బుట్ట నిండేది, మొక్క బోడిగా ఉండేది. పిట్ట వచ్చి వెళ్లిందో, అసలు రాలేదో చెప్పే ఆధారమే లేదు.

చర్చలు జరిగాయి. కింది కొమ్మలు అమ్మవారికి, పై కొమ్మలు పిట్టకి. మర్నాడు అత్తయ్యగారు స్టూలు తెచ్చుకున్నారు.

అలా శ్రావణమాసం వచ్చింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈ పిట్టలు దక్షిణానికి ప్రయాణం కడతాయి. వీటిలో కొన్ని మెక్సికో సింధుశాఖ మీదుగా దాదాపు 800 కిలోమీటర్లు ఆగకుండా ఎగురుతాయి. ముందే కడుపారా తినాలి కాబట్టి దారిలో ప్రతి పువ్వూ వెతుకుతాయి. మా పెరట్లో ఆ శుక్రవారం ఒక్క పువ్వు లేదు. వరలక్ష్మీవ్రతం. ఉన్నవన్నీ కలశం దగ్గరున్నాయి, మిగిలిన నాలుగూ అత్తయ్యగారి ముడిలో ఉన్నాయి.

ఎర్రపట్టుచీరలో ఆవిడ చెంబుతో నీళ్లు తీసుకుని తులసి దగ్గరికొచ్చారు. మావయ్యగారు వీడియో తీస్తున్నారు. అప్పుడు వచ్చింది. చిమ్మట కాదు, అసలు సిసలు పిట్ట. బోడి మొక్క చుట్టూ ఒకసారి తిరిగింది. సరాసరి అత్తయ్యగారి తల వెనక్కి వచ్చి ఆగింది.

"అమ్మా! కదలకు!" అని మా ఆవిడ అరిచింది.

తెలుగింట్లో ఆ గొంతుతో ఆ మాట అంటే తేలు కానీ జెర్రి కానీ పాకుతోందని అర్థం. దానికి తోడు చెవి దగ్గర జుమ్మని చప్పుడు. "కందిరీగ!" అంటూ అత్తయ్యగారు గిర్రున తిరిగారు. చెంబులో నీళ్లన్నీ మావయ్యగారి మీద, ఆయన ఫోన్ మీద పడ్డాయి. ఆయన వెనక్కి తూలి ఆధారం కోసం దొండపందిరి పట్టుకున్నారు. పందిరి ఆయనతో పాటే వచ్చేసింది. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు సరిగ్గా అప్పుడే పక్క గేటు తీశారు.

పిట్ట పక్కింటికి వెళ్లిపోయింది.

కంచె అవతల నుంచి ఇదంతా చూసిన పక్కింటావిడ పరుగున వచ్చింది. ఇన్నేళ్లలో తనకెప్పుడూ ఇంత దగ్గరగా రాలేదట. తాంబూలం పుచ్చుకుని, తన జుట్టులోనూ ఆ పూలు పెట్టమని అడిగింది. అత్తయ్యగారు మురిసిపోయి, కలశం దగ్గరివి తీయకూడదు కాబట్టి, రేపటి కోత నుంచి ఆవిడకూ వాటా ఖాయం చేశారు.

మావయ్యగారు తడి బట్టలతోనే దొండతీగలు సర్దుతూ నన్ను పిలిచారు. "పందిరి మళ్లీ కడదామండీ అల్లుడుగారూ. ఈసారి ఎత్తుగా. ఆ హనీసకల్ కూడా దానిమీదికే ఎక్కిద్దాం, మీ అత్తయ్యగారికి స్టూలేసినా అందకూడదు."

వంటింట్లోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఇక్కడ నిచ్చెనలు ఎక్కడమ్ముతారే?"