పదోన్నతి వద్దని ఒక రాతికి విన్నపం

మహారాజశ్రీ నారింజ తల కిలోమీటరు రాయి గారి సముఖమునకు, ఒడిశాలోని పర్లాకిమిడి వాస్తవ్యుడు, ఆదివారపు సైకిలు సవారీదారుడు నమస్కరించి చేసుకొను విన్నపము.

విషయం: తమకు రాబోయే పదోన్నతిని నిలుపుదల చేయించుకొనవలసినదిగా ప్రార్థన.

అయ్యా, మీ కొలువులో హోదా అంతా తల రంగులోనే ఉంటుందని తమకు నేను చెప్పనవసరం లేదు. జాతీయ రహదారి రాయికి పసుపు తల, రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ తల, జిల్లా రోడ్డు రాయికి నలుపో నీలమో, అందరికంటే చివరి బంతిలో కూర్చునే పల్లె దారి రాయికి నారింజ తల. ఫోనులో పటం చూసి దారి ఎంచుకునేవారు ఎంచుకోనివ్వండి, నేను మాత్రం రాళ్ల తలలు చూసి ఎంచుకుంటాను. మొహనా వైపు నుంచి మా ఊరి మీదుగా పాతపట్నం దాటి నరసన్నపేటకు పోయే 326ఏ జాతీయ రహదారి మీద పసుపు తల కనిపించినప్పుడల్లా నా వెనుక ఒక లారీ కూడా కనిపిస్తుంది. ఆకుపచ్చ తల దగ్గర లారీకి బదులు బస్సు ఉంటుంది, హారను మాత్రం అదే. తమరి దగ్గరికి వచ్చాకనే నా సైకిలు గొలుసు తిరిగే చప్పుడు నా చెవికి ఆనుతుంది.

కాశీనగరం వైపు వెళ్లి, పెద్ద దారి వదిలి, వంశధార ఒడ్డున ఉన్న పల్లెల వైపు మళ్లే ఈ మూడు మీటర్ల ముప్పావు తారు చారను నేను ఎన్ని ఆదివారాలు తొక్కానో లెక్క లేదు. మాఘంలో జీడితోటల పూత వాసన, ఫాల్గుణం దాటాక తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకునే సవర ఆడవాళ్ల గంపలు, కోతల కాలంలో రోడ్డు సగం ఆక్రమించి ఆరబోసిన ధాన్యం, ఆ ధాన్యం పక్కన నా గేరు చక్రాలలోకి దూరి రెండు మైళ్ల దాకా వదలని ఎండుగడ్డి, ఇవన్నీ తమరి పరిపాలనలోనివే. (మైళ్లు అన్నందుకు క్షమించాలి. తమరు కిలోమీటర్లు లెక్కపెడుతున్నా ఊళ్లో అందరూ తమరిని మైలురాయి అనే పిలుస్తారు, తమరు ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.) చలికాలంలో మంచు విడిచిన పూట తూర్పున మహేంద్రగిరి కనిపిస్తుంది. ఆ 1501 మీటర్ల కొండ మీదికి ఎక్కే ఉద్దేశం నాకు లేదు, దాన్ని చూస్తూ చదునైన దారిలో తొక్కడమే నాకు పరమావధి.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ప్రాంతానికి పదోన్నతుల చరిత్ర ఉంది. 1936 ఏప్రిల్ 1న మీ పూర్వీకులు కొందరు, అడుగు కదపకుండానే, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్తగా ఏర్పడిన ఒడిశాకు బదిలీ అయ్యారు. కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం రాళ్లు అటే ఉండిపోయాయి. 1900లో నౌపడా నుంచి మా ఊరికి వచ్చి, 1931 నాటికి గుణుపురం దాకా సాగిన చిన్న రైలు కూడా తమలాగే చిరుద్యోగి. రెండున్నర అడుగుల పట్టాల మీద అది వెళ్లే వేగానికి, పక్క బాటలో సైకిలు తొక్కే కుర్రాళ్లు దానితో పందెం వేసేవారని మా ఇంటి పెద్దలు చెప్పుకునేవారు. 2004లో దాన్ని ఆపి పెద్ద గేజికి పదోన్నతి ఇచ్చారు. ఇప్పుడు అది బాగానే నడుస్తోంది, కాదనను. కానీ దానితో పందెం వేసే సైకిలు ఇంకా పుట్టలేదు, గేటు దగ్గర పట్టాలను నిటారుగా దాటకపోతే నా సన్నని టైరు సందులో ఇరుక్కుంటుందన్న భయం మాత్రం మిగిలింది.

గత నెలలో తమరి పక్కన ముక్కాలి పీట మీద దుర్భిణి పెట్టుకుని ఇద్దరు సర్వేవారు నిలబడి ఉండటం కళ్లారా చూశాను. మరుసటి వారానికి చింతచెట్ల మొదళ్లకు సున్నం పట్టీ, దాని మీద ఎర్ర రంగు అంకెలు వెలిశాయి. చెట్టుకు అంకె వేయడమంటే ఏమిటో తమకూ తెలుసు, నాకూ తెలుసు, చెట్టుకే తెలియదు. ఏడు మీటర్లకు వెడల్పు చేసిన రోడ్డుకు నీడ అవసరం లేదన్నది ఇంజనీరింగు సూత్రం కాబోలు. ఆపైన లారీలు వస్తాయి, లారీలు వచ్చాక ఊరివారు వేగం తట్టుకోలేక గతుకుగట్టు (స్పీడు బ్రేకరు) కట్టుకుంటారు. దానికి పది సెంటీమీటర్ల ఎత్తు, మూడు మీటర్ల డెబ్భై సెంటీమీటర్ల వెడల్పు ఉండాలని నిబంధన ఉంది. ఊరి మేస్త్రీ ఎత్తు విషయంలో ఉదారంగానూ వెడల్పు విషయంలో పొదుపుగానూ ఉంటాడు.

ఈ విన్నపం రాయాలని తమరి పక్కనే ఆగి నీళ్లు తాగుతుండగా, నెత్తిన కట్టెల మోపుతో వచ్చిన ఒక అవ్వ తమరి మీద మోపు ఆనించి, నా సంగతి విని ఇలా అంది: “పని లేక నువ్వు తొక్కతన్నావు బాబూ, పనుండి మేం నడుస్తన్నాం. ఆ బస్సేదో రానీ నాయినా.” జీతం వచ్చే మనిషి సరదా కోసం పల్లె దారి పేదగా ఉండిపోవాలని కోరడం ఎంత సిగ్గుమాలిన పనో ఆ నిమిషంలో నాకు తెలిసింది. కాబట్టి విన్నపాన్ని సవరించుకుంటున్నాను. తమకు పదోన్నతి వద్దు, వైద్యం కావాలి. పల్లెలకు రోడ్లు వేసే కేంద్ర పథకం గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డును ఐదేళ్లపాటు గుత్తేదారే బాగు చేయాలని ఒప్పందంలో ఉంటుంది. ఆ ఐదేళ్లు రికార్డులో గడిచాయి, గుంటలు రోడ్డు మీద మిగిలాయి. వాటిని పూడ్చితే చిన్న బస్సూ వస్తుంది, నూట ఎనిమిది బండీ వస్తుంది, నా ఇరవై ఐదు మిల్లీమీటర్ల టైరూ బతుకుతుంది, చింతచెట్లకు అంకెలూ చెరిగిపోతాయి.

తమరి పై అధికారులు ఈ సవరణను ఒప్పుకోకపోతే, రెండో ఉపాయం ఒకటి ఉంది. మొన్న ఆదివారం చూస్తే అవ్వ తమరి నారింజ తల నుంచి పాదాల దాకా పిడకలు చరిచింది, అంకె కనిపించలేదు. ముక్కాలి పీటవారు రోడ్డు పొడవునా తమ కోసం వెతుకుతూ నన్నే ఆపి అడిగారు. ముందుకు వెళ్లి చూడండని చెప్పాను.

ఇట్లు,
తమ విధేయుడు