పెచ్చును చెత్తబుట్టలో వేస్తే వ్యాక్సిన్ ఎక్కడి నుంచి వస్తుంది?

2025 చివరి నెలల్లో స్క్రబ్ టైఫస్ జ్వరం రాష్ట్రాన్ని కలవరపెట్టినప్పుడు కేసుల లెక్కల్లో చిత్తూరు జిల్లా ముందు వరసలో నిలిచింది. పొదలు కొట్టించండి, జ్వరం వస్తే ఆలస్యం చేయకండి అని అధికారులు అన్నారు. మంచిదే. కంటికి ఆనని పురుగు పిల్ల కుట్టడం, ఆ చోట నల్లటి పెచ్చు కట్టడం, జ్వరం ముదిరితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినడం పాఠకులకు తెలిసిన కథే. అరుదుగా అడిగే ప్రశ్న ఒకటుంది. మన పొలాల్లో తిరుగుతున్న సూక్ష్మజీవి ఏ రకానిది?

కారకం పేరు ఓరియెన్షియా సుత్సుగముషి. గ్రామ్ నెగటివ్ అనే తరగతికి చెందిన చాలా బ్యాక్టీరియాల పైన లిపోపాలిశాకరైడ్ అనే కొవ్వు-చక్కెర పూత ఉంటుంది. దీనికి అది లేదు. రోగనిరోధక వ్యవస్థకు ముందుగా తగిలేవి పైనున్న ప్రొటీన్లే. వాటిలో ముఖ్యమైనది 56 కిలోడాల్టన్ల (అణుభారం కొలత) ప్రొటీన్. మన కణాల బయట ఉండే ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకుని సూక్ష్మజీవి లోపలికి దూరడానికి అది తోడ్పడుతుంది. మన శరీరం యాంటీబాడీలు ఎక్కువగా తయారు చేసేదీ దాని మీదే. వ్యాక్సిన్ గురి పెట్టవలసిన చోటు కూడా అదేనని దశాబ్దాలుగా తెలుసు.

చిక్కంతా ఆ ప్రొటీన్‌లోనే ఉంది. అందులో నాలుగు భాగాలు రకాన్ని బట్టి మారిపోతాయి. కార్ప్, కాటో, గిలియమ్ అని పాఠ్యపుస్తకాలు చెప్పే పేర్లు ఆ తేడాలవే. ఒక రకం సోకి తగ్గినవారికి అదే రకం నుంచి కొన్నేళ్లు రక్షణ ఉండవచ్చు, వేరే రకం ఎదురైతే ఆ రక్షణ కొద్ది నెలలకే కరిగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి ప్రయత్నాలు సాగుతున్నా లైసెన్సు పొందిన వ్యాక్సిన్ ఇప్పటికీ ఒక్కటి లేదు. దక్షిణ కొరియా పరిశోధకులు స్కా-ఏ అనే మరో ఉపరితల ప్రొటీన్‌తో ఎలుకల్లో ఆశాజనకమైన ఫలితాలు చూశారు. కానీ రేపు ఎవరో తయారుచేసే టీకా పలమనేరు రైతుకు పనిచేస్తుందో లేదో చెప్పాలంటే పలమనేరు రకం ఏమిటో ముందు తెలియాలి కదా.

అది తెలుసుకోవడం ఎంత సులువో చెబితే ఆశ్చర్యం వేస్తుంది. ఈ బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచడం నిజంగా కష్టం. సజీవ కణాల్లో తప్ప పెరగదు, మూడో స్థాయి జీవభద్రత ఉన్న గది కావాలి. రకాన్ని గుర్తించడానికి మాత్రం పెంచనక్కర్లేదు. రోగి ఒంటి మీది ఎండిన పెచ్చులోనే కావలసినంత డీఎన్ఏ దొరుకుతుంది. డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్‌తో ఆ 56 కిలోడాల్టన్ల ప్రొటీన్ జన్యువును చదివితే చాలు. వెల్లూరు వంటి చోట్ల జరిగిన అధ్యయనాల్లో కాటోను పోలిన రకాలే ఎక్కువగా బయటపడ్డాయి. వెల్లూరు చిత్తూరుకు పక్కనే ఉంది. ఇక్కడి రోగి పెచ్చు మాత్రం చాలాసార్లు డిశ్చార్జి నాటికి రాలిపోయి చీపురు పాలవుతుంది. రాలిపోయింది పెచ్చు ఒక్కటే కాదు, అందులోని సమాచారం కూడా.

ఇది భవిష్యత్ వ్యాక్సిన్ కోసమే అనుకోవద్దు. ఆసుపత్రులు వాడే ఐజీఎం ఎలీసా అనే రక్త పరీక్షలో యాంటీబాడీలను పట్టే ఎర కూడా ఈ ప్రొటీనే. ఎర ఒక రకానిదై, రోగికి సోకింది మరో రకమైతే పరీక్ష తడబడే ప్రమాదం ఉంది. దీనికి తోడు 1916 నాటి వీల్-ఫెలిక్స్ పరీక్షనే నమ్ముకున్న చోట్లు ఇంకా ఉన్నాయి. అది అసలు సూక్ష్మజీవిని కాక, ప్రొటియస్ అనే సంబంధం లేని మరో బ్యాక్టీరియాను అడ్డం పెట్టుకుని ఊహించే పద్ధతి!

ఈ జ్వరానికి ఇచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ బిళ్ల చవకే కదా, వ్యాక్సిన్ గోల ఎందుకు అనేవారున్నారు. తొలి రోజుల్లో గుర్తిస్తే ఆ మాట నిజం. ముదిరాక పరిస్థితి వేరు. వెల్లూరు సీఎంసీ ఆధ్వర్యంలో దేశంలోని ఏడు కేంద్రాల్లో 794 మంది తీవ్ర రోగులపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ సిరలోకి కలిపి ఇచ్చినా 33 శాతం మందిలో మరణమో, ఏడో రోజుకూ తగ్గని సమస్యలో, ఐదో రోజుకూ దిగని జ్వరమో మిగిలాయి. ఒక్క మందే ఇచ్చినవారిలో అది 47, 48 శాతం. చవక బిళ్ల వాదన ఐసీయూ గుమ్మం దాటదు.

వ్యాక్సిన్ రాకపోవడానికి అసలు కారణం మరోచోట ఉందని నా అనుమానం. అమెరికా పెరళ్లలో గోమార్లు అంటించే లైమ్ వ్యాధినే తీసుకోండి. దాని ఉపరితల ప్రొటీన్ ఆస్ప్-ఏ ఆధారంగా 1998లోనే టీకా వచ్చింది. గిరాకీ పడిపోయి 2002లో కంపెనీ దాన్ని ఉపసంహరించుకుంది. అయినా అదే ప్రొటీన్ మీద మరో టీకా 2022లో మూడో దశ ప్రయోగాలకు చేరింది. అక్కడి రోగికి కొనే శక్తి ఉంది కనుక రెండో అవకాశం కూడా దక్కింది. మన గడ్డి కోసే కూలీకి మొదటి అవకాశమే రాలేదు.

ఈ నేల ఒకప్పుడు ఇలా లేదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1915లో మొదలైంది. 1950 నుంచి ఆ చుట్టుపక్కల గ్రామాల్లో బీసీజీ టీకాపై ప్రయోగం జరిపింది. ఫలితం టీకాకు గొప్ప కితాబేమీ ఇవ్వలేదు. అయినా బీసీజీ ఎంతవరకు పనిచేస్తుందో లెక్కగట్టిన ప్రపంచ విశ్లేషణల్లో మదనపల్లె ప్రయోగం కూడా చోటు దక్కించుకుంది. ఓ శానటోరియం తన చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి ప్రపంచానికి జవాబు రాబట్టింది. ఇప్పుడు మన జిల్లాలు పైకి పంపేది ఎక్కువగా కేసుల సంఖ్యే.

తిరుపతిలో లేనిదేమిటి? రోగులు వచ్చే స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి. జన్యువులను చదవగల జీవశాస్త్రవేత్తలు కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో ఉన్నారు. పురుగులకు ఆశ్రయమిచ్చే ఎలుకలపై పరిశోధనకు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఒకదానికొకటి గంట ప్రయాణం కూడా లేదు. కావలసింది వీటిని కలిపే కాగితమే. రోగి అనుమతి ఎవరు తీసుకోవాలి, పెచ్చును ఏ సీసాలో వేయాలి, ఏ ఫ్రీజర్‌కు చేర్చాలి, ఫలితం ఎన్ని రోజుల్లో బహిరంగంగా పెట్టాలి? ఇవి రాయడానికి ఒక పేజీ చాలు. వానలు తగ్గుముఖం పట్టే నెలల్లో కేసులు మళ్లీ పెరుగుతాయి కనుక తిరుపతి, చిత్తూరు కలెక్టర్లు ఆ ఉత్తర్వుపై ఆలోపే సంతకం పెట్టాలి.