ఎన్నిసార్లు ఉటంకించారన్నది సరే, ఎవరు, ఎందుకు?

గత వేసవిలో ఒక అధ్యాపకురాలు తన ప్రమోషన్ ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చాలాకాలం పనిచేసి విరమించినవాణ్ని కనుక, పత్రాల జాబితాలు సరిచూసుకోవడానికి తిరుపతిలో ఇప్పటికీ కొందరు నా దగ్గరకు వస్తుంటారు. బాలాజీ కాలనీలో జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ వేయించిన ఆ ఫైలు మూడు వేళ్ల మందం ఉంది. మొదటి పేజీ, ఒకరి పత్రాలను, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారో (సైటేషన్లు) చూపే గూగుల్ స్కాలర్ ప్రొఫైలు ప్రింటు. వర్షపాతం మీద, వేరుశనగ దిగుబడి మీద, చెరువుల మీద ఆవిడ రాసిన పత్రాల నడుమ రొయ్యల వ్యాధులపై మూడు పత్రాలు, ఎముకల శస్త్రచికిత్సపై ఒకటి కనిపించాయి. అవి తనవి కావని, వాటంతట అవే వచ్చి చేరాయని, ఇన్నాళ్లూ గమనించలేదని ఆవిడ చెప్పారు. వాటిని తొలగించేసరికి, సైటేషన్లను బట్టి లెక్కించే హెచ్-ఇండెక్స్ అనే సూచిక 11 నుంచి 9కి దిగింది. "సార్, ఇంటర్వ్యూలో ముందు అడిగేది ఆ అంకెనే కదా" అన్నారు. తీసేయాలా వద్దా అన్న సందేహం ఆవిడకు లేదు, భయం మాత్రం ఉంది.

తెలుగువారి పేర్లకు ఈ చిక్కు కొత్తది కాదు. మన ఇంటిపేరు పొడి అక్షరమై ముందుంటుంది. డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. రావు, రెడ్డి, నాయుడు, దేవి అన్నవి వేలమందికి ఉమ్మడి ఇంటిపేర్లయిపోతాయి. ఒకరి పని మరొకరి ఖాతాలో పడుతుంది. ఒకే మనిషి పని రెండు మూడు స్పెల్లింగుల కింద చీలిపోతుంది. 2012లో మొదలైన ఓర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఈ బాధను చాలావరకు తప్పిస్తుంది, అదీ పత్రం పంపే ప్రతిసారీ దాన్ని రాస్తేనే. పీహెచ్‌డీలో చేరిన మొదటి వారంలోనే ఈ పని చేయించే గైడ్లు మనదగ్గర ఇంకా పెరగాలి.

అయితే పేరు సరిచేయడంతో అసలు సమస్య తీరదు. ఆ 9 అన్న అంకె సరైనదే అనుకున్నా, అది ఆవిడ పని గురించి ఏం చెబుతోంది?

హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో కనీసం తొమ్మిదింటికి ఒక్కొక్కదానికి తొమ్మిది లేదా అంతకు మించి సైటేషన్లు ఉంటే ఆ సూచిక 9. ఐదే ఐదు పత్రాలు రాసి ఒక్కొక్కదానికి 500 సైటేషన్లు పొందినవారి సూచిక 5 దగ్గరే ఆగిపోతుంది. ఇరవై పత్రాలు రాసి ఒక్కొక్కదానికి 20 చొప్పున పొందినవారిది 20 అవుతుంది. మొదటివారికి మొత్తం 2,500 సైటేషన్లు, రెండోవారికి 400. ఎవరి పని గొప్పదో ఈ లెక్క చెప్పదు, చెప్పడానికి పుట్టిందీ కాదు. భౌతికశాస్త్రంలోని వారినీ జీవశాస్త్రంలోని వారినీ ఒకే గీటుతో కొలవరాదని హిర్ష్ ఆ పత్రంలోనే హెచ్చరించారు. అసలు ఏ పత్రాన్ని ఎవరు ఉటంకించారో చూపే సైటేషన్ సూచీయే తూకం రాయిగా పుట్టలేదు. 1955లో యూజీన్ గార్ఫీల్డ్ దాన్ని ప్రతిపాదించినప్పుడు, ఒక ఆలోచన తర్వాత ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో వెతికి పట్టుకునే సాధనంగా ఊహించారు. గ్రంథాలయంలో పనిచేసిన నాకు ఆ మొదటి ప్రయోజనమే ఇప్పటికీ ప్రియమైనది.

ఒక్క తిరుపతి చుట్టుపక్కలనే చూడండి. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, స్విమ్స్ వైద్య సంస్థ, పశువైద్య విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ), చిత్తూరు రోడ్డులో గాదంకి దగ్గర పైగాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ ఉన్న వాతావరణ పరిశోధనశాల, ఇన్ని రకాల విద్యలు ఒకే ఊరి గాలి పీలుస్తున్నాయి. వైద్యంలో పత్రం చివర ముప్పై, నలభై ఆధారాలు ఉండటం మామూలు, పత్రం వెలువడిన రెండు మూడేళ్లలోనే సైటేషన్లు వచ్చిపడతాయి. గణితంలో ఆధారాలు తక్కువ, ఒక ఫలితం వాడుకలోకి రావడానికి దశాబ్దం పట్టవచ్చు. సంస్కృత వ్యాకరణం మీద పనిచేసేవారు వందేళ్ల కిందటి పుస్తకాన్ని ఉటంకిస్తారు, వారి పుస్తకాన్ని ఉటంకించిన పుస్తకం స్కోపస్ అనే సైటేషన్ డేటాబేసు లెక్కలోకి రాకపోవచ్చు. ఇక కణ భౌతికశాస్త్రంలో, హిగ్స్ కణం ద్రవ్యరాశిపై 2015లో వచ్చిన ఒక పత్రానికి 5,154 మంది రచయితలు. ఆ పత్రానికి వచ్చే ప్రతి సైటేషన్ వారందరి ప్రొఫైళ్లలోనూ పూర్తిగానే పడుతుంది.

ఈ తేడాలను విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) గుర్తించలేదని అనలేం. అధ్యాపకుల నియామకాలు, ప్రమోషన్ల 2018 నియమావళిలో విజ్ఞానశాస్త్ర పత్రానికి 8 పాయింట్లు, భాషలు, సామాజికశాస్త్రాల పత్రానికి 10 పెట్టారు. అయితే ఆ పైన, జర్నల్‌లోని పత్రాలకు సగటున ఎన్ని సైటేషన్లు వస్తాయో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి పాయింట్లు కలుస్తాయి. అది ఒకటి లోపుంటే 10, పది దాటితే 30. గణితంలో పేరున్న చాలా జర్నళ్లు పదికి దరిదాపుల్లో ఉండవు, సాహిత్యంలో, చరిత్రలో మరీ తక్కువ. జర్నల్‌లోని పత్రాలన్నిటి సగటును తెచ్చి ఒక పత్రం నెత్తిన పెట్టడం పద్ధతిగానే తప్పు, దానికి తోడు శాస్త్రాల మధ్య అన్యాయం. ఒక చేత్తో ఇచ్చిన రెండు పాయింట్లను రెండో చేత్తో ఇరవై చేసి తీసుకున్నట్టే అయింది.

మళ్లీ ఆ ఫైలు దగ్గరకు వస్తాను. ఆవిడ పరిశోధన రాడార్ సంకేతాలతో మొదలైంది. గాలి వేగాన్ని ఎంత కచ్చితంగా అంచనా వేయవచ్చో చర్చిస్తూ ఒక పత్రంలో, అంచనాలో తప్పు ఎంతకంటే తగ్గదో చెప్పే క్రామర్–రావు పరిమితిని వాడారు. ఆధారాల జాబితాలో మాత్రం గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు పేరు లేదు. అది ఆవిడ తప్పు కాదు, ఆ రంగంలో అందరి అలవాటూ అదే. రావుగారు 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆ పత్రం రాశారు. ఆ ఫలితం రాడార్‌లోకి, వైద్య చిత్రణలోకి, జన్యుశాస్త్రంలోకి, ఆర్థికశాస్త్రంలోకి ఎంత లోతుగా వెళ్లిందంటే, దాన్ని ఉటంకించవలసిన అవసరమే ఎవరికీ తోచడం లేదు. ఒక ఆలోచన అందరిదీ అయిపోయి, దాని మూలం జాబితాల్లోంచి చెరిగిపోవడాన్ని రాబర్ట్ మెర్టన్ అనే సమాజశాస్త్రవేత్త ఎప్పుడో గుర్తించారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, రావుగారికి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించారు. ఏ జర్నల్‌లో వచ్చిందన్నదాన్ని బట్టి మార్కులు వేసి ఉంటే, ఆనాటి ఆ స్థానిక బులెటిన్‌కు ఎన్ని పడేవో ఆలోచించాలి.

దీనికి ఎదురుగా మరో సంగతి ఉంది. ఇప్పటివరకు అత్యధికంగా ఉటంకించిన పత్రం 1951లో లౌరీ బృందం ప్రోటీన్‌ను కొలిచే పద్ధతిపై రాసినది. దాని సైటేషన్లు మూడు లక్షలు దాటాయి. మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి రాసిన భాస్వరం కొలత పద్ధతి కూడా ఈ కోవలోనిదే. తర్వాతి తరాల జీవరసాయన ప్రయోగశాలలు దాన్ని వేలసార్లు ఉటంకించాయి. కొలిచే పద్ధతి చెప్పిన పత్రాన్ని వాడిన ప్రతివారూ పేర్కొనక తప్పదు. అది గొప్ప సేవ, అందులో సందేహం లేదు. కానీ ఆ సైటేషన్లు చెప్పేది ఆ పద్ధతి ఎంతమందికి పనికొచ్చిందని. జీవకణంలో శక్తి రహస్యం గురించి సుబ్బారావు ఏం కనుగొన్నారన్నది ఆ అంకెలో లేదు, పత్రాలు తెరిస్తేనే తెలుస్తుంది.

ఆ ఫైలులో నన్ను ఎక్కువసేపు ఆపింది చెరువుల పత్రం. చిత్తూరు జిల్లాలో పాత చెరువుల కింద సాగు ఎలా నడిచిందో, ఇప్పుడు వాన పంపిణీ ఎలా మారిందో ఆవిడ అందులో పక్కపక్కన పెట్టి చూశారు. పాత లెక్కల కోసం దేవస్థానం శాసనాలను ఆశ్రయించారు. 1930లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ప్రభృతులు పరిష్కరించగా దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసిన శాసనాలవి. దాత స్వామి నైవేద్యం కోసం ఇచ్చిన సొమ్మును ఆలయ గ్రామాల్లో చెరువులకు, కాలువలకు ఖర్చుపెట్టి, పెరిగిన పంటలోంచి ఆ నైవేద్యం జరిపించేవారని వాటిలో కనిపిస్తుంది. ఆ ఆధారాలతోనే చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో తిరుపతి ఆలయ ఆర్థిక పాత్రపై రాశారు, ఆ వాదంతో దక్షిణ భారత చరిత్రకారులు ఏకీభవించినా విభేదించినా దాన్ని పట్టించుకోక తప్పలేదు. శాసనపాఠం సరిచేసిన పండితుల శ్రమ చరిత్రకు, అర్థశాస్త్రానికి, నీటిపారుదలకు పునాది అయింది. వారికి ఏ డేటాబేసులోనూ ప్రొఫైలు లేదు, హెచ్-ఇండెక్స్ లేదు.

రంగాన్ని, సంవత్సరాన్ని బట్టి సగటుతో పోల్చి, సగటును 1గా పెట్టి లెక్కించే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. వట్టి మొత్తాల కంటే అవి చాలా మేలు. కానీ పత్రం ఏ రంగానిదో సాధారణంగా జర్నల్‌ను బట్టే నిర్ణయిస్తారు కనుక, రెండు రంగాల గట్టు మీద నిలబడి చేసే పని అక్కడా ఏదో ఒక వైపు జారిపోతుంది. పత్రాన్ని పత్రంగానే తూచాలని 2012లో రూపొందిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, స్థానిక అవసరాలపై జరిగే మంచి పరిశోధనను కాపాడుకోవాలని 2015 నాటి లైడెన్ మ్యానిఫెస్టో చెప్పాయి. మన సెలక్షన్ కమిటీలకు ఇవి అందనంత దూరంలో లేవు. అభ్యర్థి ఎంచుకున్న ఐదు పత్రాలను ఇంటర్వ్యూకు ముందే తెప్పించుకుని, ఒక్కొక్కదాన్ని ఆ రంగం తెలిసిన ఒకరి చేత చదివించడానికి ప్రత్యేక నిధులేమీ అక్కర్లేదు, కొన్ని సాయంత్రాలు కావాలి. పదేళ్లు శ్రమపడ్డ మనిషి పనికి ఆ మాత్రం సమయం ఇవ్వలేని కమిటీ, ఆ మనిషి గురించి నిర్ణయం చేయడానికి తగినది కాదని నా గట్టి అభిప్రాయం.

"ప్రింటు చివరికి మార్చండమ్మా" అని చెప్పాను. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని, పరాయి పత్రాలు తీసేసిన ప్రొఫైలును ఫైలు చివర పెట్టాం. ముందు ఐదు పత్రాలు, ప్రతిదానికీ అరపేజీ వివరణ, దాన్ని ఏ రంగంవారు, దేనికి వాడుకున్నారన్నది. చెరువుల పత్రాన్ని ఆవిడ అన్నిటికంటే ముందు పెట్టారు. దానికున్నవి నాలుగే సైటేషన్లు. వాటిలో ఒకటి చిన్ననీటి వనరుల మీద పనిచేసే ఇంజినీర్లది, ఒకటి శాసనాలు చదివే చరిత్రకారుడిది.