తోపుడు బండ్ల నోట్లకూ హిట్లర్ గద్దెకూ మధ్య తొమ్మిదేళ్లు

జర్మనీలో రొట్టె కొనాలంటే తోపుడు బండి నిండా నోట్లు తీసుకెళ్లాల్సి వచ్చిందనీ, ఆ ధరల మంటకు తాళలేక జనం హిట్లర్‌కు మెజారిటీ కట్టబెట్టారనీ, ఆయన వచ్చి నిరుద్యోగాన్ని మాయం చేశాడనీ, ఆర్థిక సంక్షోభం వస్తే ఏ దేశంలోనైనా జరిగేది ఇదేననీ చెప్పే సందేశమొకటి చాలాకాలంగా చేతులు మారుతోంది. నోట్ల కట్టలను పేర్చి పిల్లలు ఆడుకుంటున్న ఫొటో కూడా దానికి జతచేస్తారు. ఫొటో నిజమైనదే, తప్పంతా కింద రాసిన కథలో ఉంది.

ముందు తేదీలు చూద్దాం. ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు (జర్మనీ కరెన్సీ) పలికింది 1923 నవంబరులో. అదే నెల 15న రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీని ప్రవేశపెట్టి, పాత లెక్కలోంచి పన్నెండు సున్నాలు కొట్టేయడంతో ఆ పీడ విరగడైంది. మ్యూనిక్ బీరు హాలులో హిట్లర్ తిరుగుబాటు లేవదీసిందీ ఆ నెలలోనే; అది మర్నాటికే చల్లారిపోయి ఆయన జైలుపాలయ్యాడు. 1928 మే ఎన్నికల్లో నాజీలకు దక్కినవి 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. దాచుకున్న సొమ్ము చిత్తుకాగితాలైపోయిన మధ్యతరగతి ఆ గాయాన్ని మరిచిపోలేదన్నది నిజమే కానీ, ఆ కోపంతోనే హిట్లర్‌ను గెలిపించారనడానికి ఈ అంకెలు ఒప్పుకోవు.

నాజీల ఓట్లు 1930 సెప్టెంబరులో 18.3 శాతానికీ, 1932 జూలైలో 37 శాతానికీ ఎగబాకిన కాలంలో, 1929లో మొదలైన మహామాంద్యం దెబ్బకు జర్మనీలో ధరలు పడిపోతున్నాయి. 1931 వేసవిలో పెద్ద బ్యాంకులు కుప్పకూలాయి. 1932 తొలినెలల్లో నమోదైన నిరుద్యోగులు 60 లక్షలు దాటారు. అలాంటి సమయంలో ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బ్రూనింగ్ ఖర్చు తగ్గించడమే మందు అనుకుని, 1931 డిసెంబరు అత్యవసర ఆజ్ఞతో కూలిరేట్లను 1927 జనవరి నాటి స్థాయికి దించేశాడు. పార్లమెంటును పక్కనపెట్టి, అధ్యక్షుడి సంతకంతో బతుకుతెరువులో కోత పెట్టే ఈ పాలనే జనానికి ప్రజాస్వామ్యంగా కనిపించింది. నా దృష్టిలో నాజీలకు దీనికి మించిన ప్రచారం అక్కర్లేకపోయింది. ఇంకొక సంగతి, పని పోయిన కార్మికులు ఎక్కువగా మొగ్గింది కమ్యూనిస్టుల వైపు. నాజీలకు గట్టి పట్టు దొరికింది ప్రొటెస్టెంట్ పల్లెల్లో, చిన్న పట్టణాల దుకాణదారుల్లో.

ఇక మెజారిటీ మాట. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ నాజీలకు అది రాలేదు. పైగా 1932 నవంబరులో సుమారు 20 లక్షల ఓట్లు పోగొట్టుకుని 33.1 శాతానికి దిగారు. 1933 జనవరి 30న హిట్లర్‌ను ఛాన్సలర్‌ను చేసింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. ఆయన్ను ఒప్పించింది మాజీ ఛాన్సలర్ ఫాన్ పాపెన్. తొలి మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి ముగ్గురే నాజీలు కాబట్టి పగ్గాలు తమ చేతుల్లోనే ఉంటాయని ఆ పెద్దలు లెక్కవేసుకున్నారు. ప్రత్యర్థులను జైళ్లలో కుక్కి జరిపిన మార్చి ఎన్నికల్లోనూ నాజీలకు వచ్చింది 43.9 శాతమే. మార్చి 23న, పార్లమెంటుతో పనిలేకుండా చట్టాలు చేసే అధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికిచ్చే సర్వాధికారాల చట్టం మీద పార్లమెంటు ఓటింగు క్రోల్ ఒపేరా భవనంలో జరిగింది. లోపలా బయటా నాజీ దళాలు నిలబడ్డాయి, కమ్యూనిస్టు సభ్యులను అసలు రానివ్వలేదు. అయినా సోషల్ డెమోక్రాట్లు 94 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు.

నిరుద్యోగం తగ్గిన మాట వాస్తవమే. అయితే ప్రభుత్వ పనుల పథకాలు 1932లోనే మొదలయ్యాయి. ఆ తర్వాత ఆయుధాల తయారీ, 1935 నుంచి నిర్బంధ సైనిక సేవ మిగతాది చేశాయి. కొలువుల నుంచి తొలగించిన యూదులు, పెళ్లి రుణం ఆశచూపి ఇంటికి పంపిన స్త్రీలు ఆ లెక్కల్లో కనిపించరు.

సంక్షోభం వస్తే నియంత తప్పడన్న మాట కూడా నిలవదు. ఇటలీలో నియంత ముస్సోలినీ గద్దెనెక్కింది 1922లో, మహామాంద్యానికి ఏడేళ్ల ముందు. అమెరికాలో 1933లో శ్రామికుల్లో దాదాపు నాలుగోవంతుకు పని లేదు. అక్కడ మారింది ప్రభుత్వం మాత్రమే. స్వీడన్‌లో అదే ఏడాది కార్మికుల పార్టీ, రైతుల పార్టీ సంక్షోభాన్ని ఎదుర్కోవడానికి బేరమాడుకుని ఒప్పందానికి వచ్చాయి. జర్మనీలో 1930 మార్చిలో నిరుద్యోగ బీమా చందా ఎంత ఉండాలన్న తగవు మీద సంకీర్ణం విడిపోయింది. అప్పటి నుంచి హిట్లర్ వచ్చేదాకా ఏర్పడిన ప్రభుత్వాలన్నీ అధ్యక్షుడి అత్యవసర ఆజ్ఞల మీదే నడిచాయి.