మినిట్స్ బుక్కు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మినిట్స్ బుక్కు గారి సముఖమునకు,

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ మీటింగులకు నెలనెలా తప్పకుండా హాజరయ్యేది తమరొక్కరే. అందుకే ఈ విన్నపం తమరికి. మెంబర్లకు రాస్తే చదవకుండానే కింద సంతకం పెట్టి వెనక్కి పంపేస్తారని భయం.

మొన్న శనివారం మధ్యాహ్నం మూడింటికి అంగన్‌వాడీలో మీటింగని గ్రూపులో పెట్టారు. పని మానుకొని వచ్చినవాళ్లు తాళం కప్పను చూసుకుంటా ఐదు దాకా మెట్ల మీద కూర్చున్నారు. ఆ రెండు గంటలూ తమరు ఆశా అక్క స్కూటీ డిక్కీలో ఊరేగుతూ గుమ్మం గుమ్మానా సంతకాలు స్వీకరిస్తున్నారు. (ఆమెను ఏమీ అనడం లేదు. పేజీ ఫొటో సాయంత్రానికల్లా పంపమని పైనుంచి ఫోను మీద ఫోను వస్తుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది.) ఐదున్నరకు తమరి పొట్టలో ఇలా పడింది: "సభ్యులందరూ కూలంకషంగా చర్చించి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." ఏకగ్రీవమన్నది మాత్రం అక్షరాలా నిజం. అక్కడున్నది ఒకే గ్రీవం, రాసిన మనిషిది.

తిరుపతి గంగజాతర వారమైతే ఒళ్లంతా కుంకుమ పూసుకొని బండ వేషం కట్టి నోరారా తిట్టి పోదుము. అమ్మ పేరు మీద ఆ వారం తిట్లకు దోషం లేదు. ఇదేమో వానల కాలం, జాతర వేసవిలో గానీ రాదు. కాబట్టి మర్యాద తప్పకుండా రాసుకుంటున్నాం.

చిన్నాచితకా సంగతులు పెద్దగా పట్టించుకోం. "జ్వరాలపై ప్రజలకు అవగాహన కల్పించవలెను" అన్న వాక్యం ఏ నెల పేజీ తిప్పినా అదే దస్తూరీతో ఉంది, ఉండనివ్వండి. ఏ జ్వరమో అడగం. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పొదల్లోంచీ గట్ల మీద గడ్డిలోంచీ అంటుకునే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుందనీ, చంకలోనో గజ్జల్లోనో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలనీ, మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుందనీ ఒక్క ముక్క రాసుంటే అవగాహన అదే వచ్చేది. ఫాగింగ్ మిషను పట్టుకొని తీయించుకున్న ఫొటో తమరి అట్ట లోపల అతికించారు, అదీ పట్టించుకోం. ఆ పొగ ఎగిరే దోమకే తగులుతుంది. తొట్టిలోని పిల్లపురుగు దర్జాగా ఉంటుంది, గుడ్డు నుంచి వారం పది రోజుల్లో రెక్కలు తెచ్చుకొని వస్తుంది. అందుకే శుక్రవారం డ్రైడే అన్నారు, వారానికొకసారి తొట్టి, కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, పెరట్లో పడున్న పాత రుబ్బురోలు వంచేసి తుడవమని. తమరి పేజీల్లో శుక్రవారాలే లేవు. సరే, పోనీండి.

పోనివ్వలేనిది ఒక్కటే. బ్లీచింగ్.

ఊరికి పెద్దమనిషి ఎవరైనా వస్తున్నారంటే చాలు, తెల్లారేసరికి రోడ్డుకు రెండుపక్కలా తెల్లటి గీత. సంక్రాంతికి మన ఆడబిడ్డలు వేసే ముగ్గైనా కాస్త వంకర పోతుందేమో గానీ ఈ గీత పోదు. దాని ఖర్చు తమరిలో "పారిశుద్ధ్యము" కింద పడుతుంది. ఆ గీతలో సగం సార్లు వట్టి సున్నమే ఉంటుంది, జాతరలో సున్నపు కుండలు ఎత్తుకున్నట్టు. మిగతా సగం నిజంగా బ్లీచింగే అనుకుందాం. పనిచేసేది అందులోని క్లోరిన్. అది నీళ్లలో కరగాలి, క్రిమిని తాకాలి, కాసేపు దాంతోనే ఉండాలి. ఎండిన సిమెంటు రోడ్డు మీద చల్లితే ఎండకు పోతుంది. కాలవలో చల్లితే అక్కడి బురద, కుళ్లిన ఆకులు, అన్నం మెతుకులే క్లోరిన్‌ను తినేస్తాయి. మనకు మిగిలేది ముక్కు మండడం, ఫొటో.

ఇప్పుడు లెక్క చూడండి, తమరు లెక్కల పుస్తకానికి తోబుట్టువులే కదా. మంచి పౌడరు, తేటగా ఉన్న నీళ్లు అయితే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు మొదటి అంచనా. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు 60,000 లీటర్లదైతే నిండు ట్యాంకుకు 150 గ్రాములు. రెండు చేతులా దోసిట్లో పట్టేంత. పెద్దమనిషి రాకకు గీతలు గీసి ఖతం చేసిన 25 కిలోల బస్తా, రోజుకొక ట్యాంకు చొప్పున 166 రోజులకు సరిపోయేది. అంటే ఒక్క పూట ముగ్గు కోసం ఊరు ఐదు నెలల మంచినీళ్ల మందు రోడ్డు మీద పోసింది. (బస్తా అన్నాళ్లు సత్తువతో ఉండదు లెండి, ఆ సంగతికీ వస్తున్నాం.)

ఆ 150 గ్రాములు వేసే పద్ధతి కూడా తమరిలో లేదు. నిచ్చెనెక్కి మూత తీసి గుప్పెళ్లతో విసిరేస్తున్నారు. ప్లాస్టిక్ బకెట్టు తీసుకోవాలి, ఒక్కో బకెట్టుకు 100 గ్రాములు మించకూడదు, కాబట్టి రెండు బకెట్లు. ముందు కొంచెం నీళ్లతో గంటెజారుగా కలపాలి, తర్వాత ముప్పాతిక బకెట్టు దాకా నీళ్లు పోసి తిప్పాలి, ఐదు పది నిమిషాలు కదపకుండా వదలాలి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లే ట్యాంకులోకి, అడుగు మడ్డి బయటికి. ట్యాంకు నిండుతున్నప్పుడు పోస్తే బాగా కలుస్తుంది. పోసిన వెంటనే వాల్వు తిప్పకూడదు, గంటసేపు ఆగాలి. మన ఊళ్లో ఆరింటికి పోసి ఆరూ ఐదుకు వదులుతారు. క్లోరినూ నీళ్లూ పైపులోనే పరిచయాలు చేసుకుంటూ ఇంటికొస్తాయి.

పౌడరు సంగతికొస్తే, కొత్తదాంట్లో నూటికి 33 పాళ్ల దాకా క్లోరిన్ ఉంటుంది. బస్తా మూతి విప్పి, పంచాయతీ ఆఫీసు రేకుల షెడ్డులో మన రాయలసీమ ఎండకు వదిలేస్తే నెలనెలా ఆ క్లోరిన్ తగ్గిపోతుంది. చెమ్మ తగిలి గడ్డ కడుతుంది. 15 పాళ్లకు దిగిన పౌడరు 150 గ్రాములు వేస్తే 70 గ్రాములు కూడా వేసినట్టు కాదు. మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో, నీడలో, చల్లగా, నేలకు తగలకుండా పెట్టమన్న తీర్మానం ఎన్నో పేజీలో ఉందో చూపించండి. వెతకొద్దు, లేదు.

ఇంతకీ సరిపడా వేశామో లేదో ట్యాంకు దగ్గర తేలదు. ఊరి చివర, ఎస్సీ కాలనీలోనో మిట్ట మీదో ఉన్న ఆఖరి కొళాయి దగ్గర తేలుతుంది. నీళ్లలో క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపు గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పది సెకన్లలోపు వచ్చే పసుపు రంగు చూసుకోవాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి, వాంతులు విరేచనాలు మొదలైతే 0.5. ట్యాంకు దగ్గర పసుపు ముదిరి, ఆఖరి కొళాయిలో రంగే రాకపోతే దారిలో ఎక్కడో మురుగు కలుస్తోందేమోనని అనుమానించాలి. కారణాలు ఊరందరికీ తెలుసు. నీళ్లు చాలవని కొళాయిని నేల కిందికి దించి గుంత తీస్తారు, ఆ గుంతలో వాననీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు నిలుస్తాయి. సప్లై ఆగగానే పైపులో ఒత్తిడి పోయి గుంతలోదీ, కాలవ పక్క లీకు దగ్గరదీ లోపలికి లాక్కుంటుంది. దానికితోడు కొళాయికి నేరుగా మోటారు తగిలించుకున్న ఇళ్లు. మోటారుకు మంచినీళ్లూ మురుగూ ఒక్కటే.

తమరిలో ప్రతి నెలా "క్లోరినేషన్ సక్రమముగా జరుగుచున్నది" అని ఉంది. సక్రమం అంటే ఎన్ని మిల్లీగ్రాములండీ?

అడిగితే కమిటీ పెద్దలు చెప్పే మాట ఒకటుంది: "మాది సలహా చెప్పే కమిటీనే కదబ్బా, మాకేం అధికారముంది?" 1854లో లండన్ సోహోలో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు దగ్గర ఉన్నది కూడా సలహా ఒక్కటే. సెప్టెంబర్ 7 సాయంత్రం స్థానిక బోర్డు ముందుకెళ్లి బ్రాడ్ స్ట్రీట్ పంపు మీద అనుమానం చెప్పాడు. బోర్డు పెద్దలకు నమ్మకం కుదరలేదు, అయినా మర్నాడే పంపు పిడి ఊడదీయించారు. అప్పటికే చావులు తగ్గుముఖం పట్టాయన్న మాటా నిజమే, ఆ సంగతి స్నోనే ఒప్పుకున్నాడు. కానీ మీటింగుకూ పనికీ మధ్య ఒక్క రాత్రే ఉంది చూశారా. మన దగ్గర అంత దూరం కూడా లేదు. ట్యాంకు తాళం పంచాయతీది, ఏ ఇంట్లో జ్వరముందో ఆశా అక్కకు తెలుసు, ఏ బిడ్డ బరువు తగ్గిందో అంగన్‌వాడీ టీచరుకు తెలుసు, టెస్టు కిట్టు ఏఎన్ఎం మేడం తెప్పించగలదు. వీళ్లందరూ ఈ కమిటీలోనే ఉన్నారు. ఊరికొక ఆరోగ్య కమిటీ, ఐదు నుంచి ఏడుగురితో ఉండాలని 1946లోనే, దేశంలో వైద్య సేవలు ఎలా ఉండాలో చెప్పమని వేసిన భోర్ కమిటీ రాసింది. ఇప్పుడు 15 మందికి తక్కువ కాకుండా, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలన్నారు. ఏడాదికి రూ.10,000 అన్‌టైడ్ ఫండ్ ఇచ్చారు, ఊరి అవసరం చూసి మీరే ఖర్చు పెట్టుకోండని. అన్‌టైడ్ అంటే కట్టు లేనిది. దాన్ని తీసుకెళ్లి ఫ్లెక్సీకి, టీకి, గీతలకు కట్టేశారు.

మర్యాద ఇక్కడితో అయిపోయింది. ఏమే పుస్తకమా, నీకు సిగ్గనిపించలేదా? నిరుడు వానలకు రెండు వీధుల్లో విరేచనాలు పట్టుకొని పిల్లోళ్లను ఆటోల్లో ఆసుపత్రికి తోలుకుపోతుంటే ఆ నెల పేజీలో "సక్రమముగా" అని రాయించుకున్నావు. ఒక్క అంకె లేదు. ఎన్ని ఇళ్లు, ఏ వీధి, ఏ కొళాయి, ఏ తేదీ, ఏమీ లేదు. ఒకే నీలం పెన్ను, ఒకే చేతి ఒంపు, కింద పద్దెనిమిది సంతకాలు. అందులో ఒకాయన అప్పటికి బెంగళూరులో కూతురింట్లో ఉన్నాడు.

చించి పొయ్యిలో పెడదామనే అనిపించింది. 31వ పేజీ అడ్డం వచ్చింది.

ఆ పేజీ మీద సంతకాలు నాలుగు రంగుల్లో ఉన్నాయి. రెండు వేలిముద్రలు. టీ మరక. చుట్టూ కొట్టివేతలు, "కాదు, అది పెద్దవీధి లైను" అని పక్కన ఇంకొకరి రాత. దిగువ వీధిలో పైపు కాలవను దాటే చోట జాయింటు ఊడిందని ఎవరో చూసొచ్చి చెప్పారు. కాలవలోంచి పోయే ముక్కకు ఇనుప గొట్టం తొడుగు వేసి, కాలవ కన్నా పైకి లేపి బిగించాలని రాశారు. మనిషి పేరు, రోజు, ఖర్చు రూ.640, కింద "మళ్లీ శుక్రవారం ఆఖరి కొళాయి చూడవలెను". దాని కింద వేరే సిరాతో: "చూసినాం. పసుపు వచ్చింది."

నీలో ఇన్ని పేజీలుంటే, నిజంగా మీటింగు జరిగింది ఆ ఒక్కదానికే. అది నీ పొట్టలో ఉన్నన్నాళ్లు నిన్ను ఎవరూ ఏమీ చెయ్యరులే.

వచ్చే నెల మూడో శనివారం, మూడింటికి. అంగన్‌వాడీకి తాళముంటే ఎదురుగా వేపచెట్టు కింద. స్కూటీ డిక్కీలోంచి దిగి రా. ఎవరి పెన్ను వాళ్లు తెచ్చుకుంటారు.

ఇట్లు,
మెట్ల మీద కూర్చున్నవాళ్లు