రహీం సాబ్‌ది ఏ ఊరు?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పిల్లల క్విజ్ చూసినవాళ్లకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. పంచాంగ శ్రవణం అప్పుడే ముగిసింది, ఉగాది పచ్చడి కప్పులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. “భారత జాతీయ జట్టును తీర్చిదిద్దిన తెలుగు శిక్షకుడు ఒకరి పేరు చెప్పండి” అని ప్రశ్న వచ్చింది. మా అమ్మాయి అందరికంటే ముందు చెయ్యెత్తి, “సయ్యద్ అబ్దుల్ రహీం, ఫుట్‌బాల్” అంది. ప్రశ్నలు అడుగుతున్నాయన చేతిలోని కాగితం చూసుకుని, మృదువుగానే, “మనం తెలుగువాళ్ల గురించి అడిగాం కదమ్మా” అన్నారు. పక్క జట్టు పిల్లవాడు పుల్లెల గోపీచంద్ పేరు చెప్పాడు. చప్పట్లు మోగాయి. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

గోపీచంద్ సరైన జవాబే. ఆ పిల్లవాడికి మార్కులు రావడం న్యాయమే. ఇంటికి వస్తుంటే కారులో వెనక సీటు నుంచి మా అమ్మాయి అడిగిన మాటే నన్ను ఇప్పటికీ వదలడం లేదు. “అమ్మా, తాతయ్య చెప్పింది తప్పా?”

తాతయ్య అంటే మా నాన్నగారు. ఆయన బాల్యమంతా కాచిగూడలో గడిచింది. మా తాతగారు రైల్వేలో గుమాస్తా. బడి వదలగానే నాన్నగారు సంచీ భుజాన వేసుకుని హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు సాధన చూడటానికి పరుగెత్తేవారట. ఆయన ఏనాడూ జట్టులో ఆడినవారు కాదు. గోడ మీద కూర్చుని చూసినవారంతే. కానీ ఆ గోడ మీద నేర్చుకున్నది అరవై ఏళ్ల తర్వాత ఇక్కడ, మా పెరట్లో, మనవరాలికి నేర్పారు. ఆ వేసవి నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, చెప్పులు గట్టున విడిచి, ఎనిమిదేళ్ల పిల్లను ఎదురుగా నిలబెట్టి, “కుడికాలికి ఇవాళ సెలవు. ఎడమకాలితోనే తన్నాలి” అనేవారు. బంతి ప్రతిసారీ కంచె వైపు దొర్లిపోయేది. పిల్ల ఏడ్చింది. మరునాడు మళ్లీ అదే. మూడో వారానికి ఎడమకాలి లోపలి అంచుతో బంతిని ఆపి, ఆయన పాదాల ముందుకు తిన్నగా పంపడం వచ్చేసింది. “ఇది నాది కాదురా, రహీం సాబ్ విద్య” అన్నారు నాన్నగారు, తల నిమురుతూ. ఇవాళ అది బడి జట్టులో ఎడమ వైపు డిఫెండర్.

రహీం సాబ్ నిజంగానే బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలన్న షరతుతో పోటీలు పెట్టేవారు. బంతిని కాలికి అంటించుకుని ఒక్కడే పరుగెత్తే ఆట ఆయనకు నచ్చేది కాదు. చిన్న చిన్న పాసులతో పదకొండు మందీ కలిసి ఆడాలనేవారు. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి, బడిపంతులుగా పనిచేసిన మనిషి. తరగతి గదిలో నేర్పే ఓపికనే మైదానానికి తెచ్చారని నాన్నగారు అనేవారు. రహీం సాబ్ చేతుల్లో హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా క్లబ్బులదే రాజ్యంగా ఉన్న రోజుల్లో దక్కను నుంచి వెళ్లిన జట్టు అది.

జాతీయ జట్టు కథ ఇంకా గొప్పది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 పరాభవం. మనవాళ్లలో చాలామంది ఆ ఆట బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అయ్యాం. సెమీస్‌లో ఎదురైంది అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది. చివరికి 4-1తో ఓడినా, పది గోల్స్ తిన్న జట్టును అక్కడిదాకా నిలబెట్టిన చెయ్యి ఎవరిదో చెప్పనక్కరలేదు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను కూర్చోబెట్టకుండా, ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించే సాహసం చేశారు రహీం. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుస్తున్న జనం. పీకే బెనర్జీ ఒక గోల్, కుట్లు వేసిన తలతో జర్నైల్ ఇంకో గోల్. 2-1. స్వర్ణం. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ రహీం సాబ్‌ను తినేస్తోంది. 1963 జూన్ 11న పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం రాలేదు.

ఇప్పుడు మన హాల్లో జరిగినదానికి వస్తాను. క్విజ్ నడిపినాయన మీద నాకు కోపం లేదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని ప్రశ్నలు తయారుచేసిన మనిషి. కాగితంలో ఉన్న జవాబు ఒక్కటే. రహీం సాబ్ ఇంటి భాష తెలుగు కాదని, ఉర్దూ అని ఆయన అంటే అదీ నిజమే. తెలుగు సంఘం అన్నాక భాష పునాది, కాదనను. మా ఇంట్లో పిల్లలు తెలుగులో అడిగితే తప్ప నేను పలకను.

కానీ మనం ఒకరికొకరం పరిచయమైన రెండో నిమిషంలో అడిగే ప్రశ్న ఏమిటి? “మీదే ఊరండీ?” అనే కదా. నాకు ఆ ప్రశ్నంటే ప్రాణం. గుంటూరు అంటే ఒక తీపి, వరంగల్ అంటే ఒక తీపి. ఎవరిదైనా ఊరు తెలిస్తే చాలు, మన మనిషైపోతారు. శంషాబాద్‌లో విమానం దిగగానే మన ఊరు వచ్చేసిందనుకుంటాం. రహీం సాబ్‌ను ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే ఏ జవాబు వచ్చేది? 1956 నవంబరు 1న హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని అయింది. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, ఆ రాజధాని శిక్షకుడి జట్టు ఆస్ట్రేలియాను ఓడించింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ ఉన్నారు, సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన బలరాం ఉన్నాడు. బలరాంది తమిళ కుటుంబం. వీళ్లందరినీ తీసేశాక మన క్రీడా చరిత్రలో ఆ దశాబ్దానికి ఏం మిగులుతుంది?

ఇంకొక్క మాట. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన, పేరు పలకడం టీచరుకు కష్టమైనంత మాత్రాన, ఈ దేశం నీది కాకుండా పోదని మన పిల్లలకు రోజూ చెబుతున్నాం. ఇక్కడ పుట్టి, ఇక్కడ ఆడి, ఇక్కడ గెలిచిన పిల్లను “మనం అమెరికన్ల గురించి అడిగాం కదా” అని ఎవరైనా పక్కన పెడితే మనలో ఒక్కరైనా ఊరుకుంటామా? అందుకే ఆ మధ్యాహ్నం నాకు అంత బాధ కలిగింది. మా అమ్మాయి కారులో ఏడవలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అది ఇంకా కష్టంగా ఉంది.

కార్యవర్గానికి నా విన్నపం. ఆ ఐదు మార్కులు తిరిగి ఇవ్వాలని అడగను. వచ్చే ఏడాది ప్రశ్నల కాగితంలో జవాబు దగ్గర రెండో పేరు కూడా రాయండి. సావనీర్‌లో ప్రముఖుల పేజీలో రహీం సాబ్ ఫొటోకు చోటివ్వండి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 17. మన వనభోజనాలు ఎటూ ఆ రోజుల్లోనే కాబట్టి, పిల్లలకు ఆయన పేరున ఒక ఫుట్‌బాల్ పోటీ పెడదాం. షరతు ఒక్కటే, కుడికాలి వాటం పిల్లలు ఎడమకాలితో, ఎడమకాలి వాటం పిల్లలు కుడికాలితో ఆడాలి. పార్కు వాళ్లతో మైదానం సంగతి నేను మాట్లాడతాను. బంతులు మా ఇంట్లో ఆరు ఉన్నాయి, వాటిలో ఒకటి నాన్నగారు కొన్నది.