రెండు టీవీలు కాదు మామా, మానిటర్లు

మూడు రోజులుగా టేబుల్ కింద దూరి వైర్లు సర్దుతున్నా, మోకాళ్లు కొట్టుకుపోయాయి. ఇవాళ పొద్దున అంతా ఒక కొలిక్కి వచ్చింది అనుకుంటుండగా మా మామ తిరుమల కొండ దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. గుమ్మంలోంచే "ఏం అల్లుడూ, ఒక టీవీ చాల్లేదా, రెండు పెట్టుకున్నావు? డబ్బులు బాగా ఎక్కువయ్యాయే!" అన్నాడు.

టీవీలంట!

నేను చేసేది పెళ్లి ఆల్బమ్‌ల డిజైన్. ఒక్కో పెళ్లికి మూడు వేల ఫోటోలు వస్తాయి. ఆల్బమ్ షీట్ 12 బై 36 అంగుళాలు, అంటే ఎత్తుకు మూడింతల వెడల్పు. ఒకే స్క్రీన్‌లో ఫోటోలూ ఆ షీటూ తెరిస్తే తాళిబొట్టు పోస్టల్ స్టాంపంత కనిపిస్తుంది. అందుకే ఒకదాంట్లో ఫోటోలు, ఇంకోదాంట్లో షీట్. సోకు కోసం కాదు సామీ, పొట్టకూటి కోసం.

సరే, మామను పక్కన పెడదాం. అసలు మంట షాపువాడి మీద. పేరు చెప్పను, ఊళ్లో మళ్లీ ముఖాలు చూసుకోవాలి కదా. నా దగ్గర పాతది 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్, అంటే పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం తెర. దానికి జతగా అలాంటిదే కావాలని అడిగా. "24 ఎవరు తీసుకుంటున్నారు సార్ ఇప్పుడు, 27 తీసుకోండి" అని అంటగట్టాడు. ఐపీఎస్ ప్యానెలేనా అని రెండుసార్లు అడిగా. "ఐపీఎస్సూ ఐఏఎస్సూ అన్నీ ఒకటే సార్, బొమ్మ బాగుందా లేదా చూసుకోండి" అన్నాడు, పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఇంటికొచ్చి డబ్బా మీద చిన్న అక్షరాలు చదివితే అది వీఏ అనే ఇంకో రకం తెర. నలుపు బాగా చూపిస్తుంది, సినిమాకు పర్లేదు. తల కాస్త పక్కకు జరిపితే చాలు, ముదురు రంగులన్నీ వెలిసిపోయి కనిపిస్తాయి.

రెండింట్లోనూ ఒకే తెల్ల పేజీ తెరిచా. ఒకటి పాత పద్దుల పుస్తకంలా పసుపుగా, ఇంకోటి నీలిమందు ఎక్కువైన పంచెలా. పెళ్లికూతురి ఫోటో పెడితే ఒకదాంట్లో ఇప్పుడే నలుగు పెట్టినట్టుంది, రెండో దాంట్లో మూడు రోజులు జ్వరంతో లేచినట్టుంది. చీర ఒకచోట కుంకుమ రంగు, ఒకచోట ఇటుక రంగు. ఏ రంగు నమ్మి ప్రింటుకు పంపాలి? ఆల్బమ్ చేతికొచ్చాక పెళ్లికూతురి తల్లి "మా చీర ఇది కాదు" అంటే షాపువాడు వస్తాడా జవాబు చెప్పడానికి?

సైజు గోల ఇంకోటి. 24 అంగుళాలైనా 27 అయినా ఫుల్ హెచ్‌డీ అంటే అవే 1920 బై 1080 చుక్కలు, పిక్సెళ్లంటారే అవి. పెద్దదాంట్లో అవే చుక్కలు లావవుతాయి అంతే, గుప్పెడు మరమరాలు పెద్ద పళ్లెంలో పరిచినట్టు. 24లో అంగుళానికి 92 చుక్కలుంటే 27లో 82కు పడిపోతాయి. 27 కొనాలంటే 2560 బై 1440 ఉన్నదే కొనాలి. ఈ ముక్క ఆ పెద్దమనిషి నోట్లోంచి రాదు. ఫోటోను ఇటునుంచి అటు లాగితే గీత దాటగానే ముఖం ఉబ్బుతుంది. మౌస్ అయితే కింద మూలలో గోడకు గుద్దుకున్న బల్లిలా ఆగిపోయేది. సెట్టింగుల్లో రెండు స్క్రీన్లకు గుర్తుగా కనిపించే డబ్బాలను పైకీ కిందికీ జరిపి జరిపి సరిచేశా.

ల్యాప్‌టాప్‌కు మానిటర్ తగిలించే హెచ్‌డీఎంఐ రంధ్రం ఒక్కటే. రెండోది యూఎస్‌బీ సి పోర్టుకు తగిలించండి అన్నాడు షాపువాడు. సి ఆకారంలో ఉన్న ప్రతి రంధ్రంలోంచీ బొమ్మ రాదు నాయనా! నాది చార్జింగుకూ పెన్‌డ్రైవుకే. మళ్లీ ఒక అడాప్టరు, మళ్లీ డబ్బులు. కొత్తదాని నడుమ ఒక చుక్క ఎప్పుడూ ఆకుపచ్చగానే వెలుగుతోంది, ఫోన్ చేస్తే "20 లక్షల చుక్కల్లో ఒక్కటే కదా సార్, దానికి మార్చరు" అంటాడు. నీ గల్లాపెట్టెలో ఒక్క చిరిగిన నోటు వేస్తే మాత్రం లైటుకు అడ్డం పెట్టి చూస్తావే!

నాలుగడుగుల టేబుల్ మీద రెండూ సరిసమానంగా పెడితే నా ముక్కుకు ఎదురుగా వచ్చేది మధ్య సందు. రోజంతా మెడ అటూ ఇటూ. కాబట్టి పాతదాన్ని నడిమికి తెచ్చి, ఇంటర్ గైడ్లు రెండు కింద పెట్టి పై అంచు కంటి ఎత్తుకు లేపా. కొత్తదాన్ని పక్కకు ఏటవాలుగా తోశా, దాంట్లో రంగులు చూడను, ఫోటోలు ఏరుకుంటానంతే. ఇంత డబ్బు పోసి కొన్నది పక్కవాయిద్యానికే పనికొచ్చింది.

ఇదంతా మామకు ఓపిగ్గా వివరించా. తలూపాడు. కాఫీ తాగాడు. "అయితే అల్లుడూ, రెండిట్లోనూ టీటీడీ సైటు తెరిచిపెట్టుకుంటే మూడొందల దర్శనం టికెట్లు తొందరగా దొరుకుతాయి కదా?"

ఇదీ తిరుపతిలో పుట్టిన పాపం. మా ఇల్లు ఇల్లు కాదు, కాటేజీ. మేం మనుషులం కాదు, బుకింగ్ కౌంటరు. "మీకేం, రోజూ దర్శనం" అంటారు. స్వామి పాదాల దగ్గర బతుకుతున్నాం నిజమే, కానీ లైన్‌లో మాకూ అవే కాళ్లు నొప్పులు. ఆన్‌లైన్‌లో కోటా తెరవగానే దేశమంతా మీద పడుతుంది, అందులో నా స్క్రీన్లు రెండైతేనేం, పదైతేనేం? గదులు కావాలంటే నేను, స్టేషన్‌కు బండి తీసుకురావాలంటే నేను, లడ్డూలు ఎక్కువ కావాలంటే నేను. ముహూర్తాల్లో మూడు ఆల్బమ్‌లు పెండింగ్ ఉన్నాయంటే మాత్రం "ఇంట్లోనే కదా ఉంటావు" అంటారు.

ఇది రాస్తుండగానే హైదరాబాద్ నుంచి పిన్ని ఫోన్. "రెండు టీవీలు పెట్టావంట కదా, మామ చెప్పాడు. మేం ఆరుగురం. ఆధార్ నంబర్లు వాట్సాప్‌లో పెట్టేదా?"